పండుగైందన్న ఫోన్

మా టీచరమ్మ చనిపోయారు. ఆ కబురు వచ్చేటప్పటికి నేను పనిచేసే హాస్టల్ వంటగది ముందు, కూరగాయల ఆటో దగ్గర నిలబడి ఉన్నాను. టేకులపల్లిలో ఆమె కిరాయికి ఉన్న ఇంటి ఓనరమ్మ ఫోన్ చేసి, "మీ మేడం పొద్దున లేవలే. చేతులు సల్లగయినయి. జల్దీ రా బిడ్డా" అన్నది. ఆటోలోంచి అప్పుడే దించిన సంచి మూతి విప్పి ఉంది. లోపల కొత్త చిక్కుడుకాయలు. ఆ సంచి పక్కన పెట్టమని, ఎవరూ వండొద్దని వంటామెకు చెప్పి బస్సెక్కాను. మనిషి పోయిందన్న కబురు విని కూరగాయల సంగతి చూడటమేమిటని మీకు అనిపించవచ్చు. ఆమె గురించి చెప్పాలంటే నేను అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఆమె మధిర వైపు పొలాలున్న కుటుంబంలో పుట్టారు. ఉద్యోగం మాత్రం మా అడవిలోని ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో వచ్చింది. మొదట టీచర్, తర్వాత వార్డెన్, ఆ తర్వాత చివరిదాకా ఇళ్ళ వెంట తిరిగే మనిషి. బడి మానేసిన పిల్ల ఇంటికి, భార్యాభర్తలు విడిపోయిన ఇంటికి, చిన్న పిల్లకు పెళ్ళి మాటలు నడుస్తున్న ఇంటికి వెళ్ళి కూర్చోవడం ఆమె పని. కొన్నేళ్ళు ప్రభుత్వం ఆ పనికి కౌన్సిలర్ అని పేరు పెట్టి ఒక కుర్చీ కూడా ఇచ్చింది. ఆ కుర్చీలో ఆమె కూర్చోగా చూసినవాళ్ళు తక్కువ. రిటైరయ్యాక కుర్చీ పోయింది, తిరగడం పోలేదు.

మాది టేకులపల్లికి లోపల, అడవిలో ఒక కోయ గూడెం. మా దగ్గర కొత్తగా కాసింది ఏదైనా సరే, చిక్కుడైనా మామిడైనా ఇప్పపువ్వైనా, ఊరంతా కలిసి కొత్తల పండుగ చేసుకున్నాకే నోట్లో పెట్టుకుంటాం. ముందు ఊరి దేవతకు, తర్వాత ప్రతి ఇంట్లోనూ ఆ ఇంటి పెద్దలకు ఆకు మీద పెడతాం. పెద్దలంటే పోయినవాళ్ళు. వాళ్ళ కంటే ముందు మనం తింటే వాళ్ళకు ఎంగిలి పెట్టినట్టే. ఇది మాకు ఎవరూ పాఠంలా చెప్పరు. నడక వచ్చినట్టే వస్తుంది.

నేను బడిలో చేరిన మొదటి చలికాలం, ఒకరోజు మధ్యాహ్నం చిక్కుడుకాయ కూర వండారు. ఇంకా ఏ ఊళ్ళోనూ పండుగ కాలేదు. పిల్లలందరం కూర పక్కకు నెట్టి ఉత్త అన్నం తింటున్నాం. పెట్టింది వదిలేసే పిల్లలంటే టీచరమ్మకు ఒళ్ళు మండేది. అప్పటికి ఆమె కూడా కొత్తే, వయసూ తక్కువే. ఎందుకు తినడం లేదని అడిగారు. తెలుగులో సరిగ్గా చెప్పడం మాలో చాలామందికి రాలేదు, వచ్చిన పెద్ద పిల్లలకు భయం. కంచాలు ఖాళీ అయ్యేదాకా ఎవరూ లేవకూడదని చెప్పి ఆమె గుమ్మం దగ్గర నిలబడ్డారు. తిన్నాం. ఏడుస్తూ తిన్నాం.

ఆ వారంలోనే ఒక చిన్న పిల్లకు జ్వరం తగిలింది. వాళ్ళమ్మా నాన్నా వచ్చి తీసుకెళ్ళిపోయారు. సంగతి తెలిసి మిగతా ఊళ్ళ నుంచీ వచ్చారు. మా నాన్న కూడా వచ్చి నన్ను భుజం మీద ఎక్కించుకుని ఇంటికి నడిచాడు. హాస్టల్ సగం ఖాళీ అయింది. అసలు ఏం జరిగిందో వంటమనిషి చెబితేగానీ టీచరమ్మకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె పైవాళ్ళకు చెప్పి పోలీసులను పంపించవచ్చు, పిల్లలు బడి మానేశారని రాసి ఊరుకోవచ్చు. అవేవీ చేయకుండా ఒక్కరే మా గూడేనికి నడిచి వచ్చారు.

ఊరి పెద్ద ఇంటి ముందు అందరూ చేరారు. నేను మా అమ్మ వెనకాల నిలబడి చూశాను. ఆమెకు మంచం వేశారుగానీ ఆమె కింద కూర్చున్నారు. తెలియక పెట్టానని, పిల్లలు వద్దన్నా వినలేదని, వాళ్ళను ఏమీ అనొద్దని, తాను ఏం చేయాలో చెప్పమని అడిగారు. ఊరి పెద్ద నెమ్మదిగా చెప్పాడు.

"పిల్లలది తప్పు గాదు. పెట్టిన చెయ్యిది. ఇగ నుంచి మేం తిన్నంక నువ్వు తినాలె. గంతే."

ఆ మాట ఆ ఏటికే అనుకున్నారు అందరూ. అన్న పెద్దాయన కూడా అట్లాగే అనుకుని ఉంటాడు. టీచరమ్మ మాత్రం బతికినన్నాళ్ళకూ అనుకున్నారు.

మర్నాటి నుంచి మేం ఒక్కొక్కరం తిరిగి బడికి వచ్చాం. అప్పటి నుంచి హాస్టల్లో చిక్కుడు వండాలంటే పెద్ద తతంగమే. మా బడిలో చాలా ఊళ్ళ పిల్లలు ఉండేవాళ్ళు. ఏ ఊరి పండుగ ఆ ఊరిదే, ఒకరిది ఇవాళ అయితే ఇంకొకరిది నెల తర్వాత. ఆమె అందరికన్నా చివరి ఊరి పండుగ అయ్యేదాకా ఆగేవారు. కూరగాయలు తెచ్చే ఆయన నెత్తి కొట్టుకునేవాడు. అప్పటికి కాయలు ముదిరి గింజలయ్యేవి, మేం ఆ గింజల పులుసే తినేవాళ్ళం. నాకు తెలిసి మా బడి పిల్లలంత గట్టి పళ్ళు ఈ జిల్లాలో ఎవరికీ ఉండవు.

ఇళ్ళకు వెళ్ళినప్పుడు ఆమెకు ఒక పద్ధతి ఉండేది. వచ్చిన పని మొదటిరోజు ఎత్తేవారు కాదు. ఆ ఇంట్లో ఏ పని జరుగుతుంటే అందులో చెయ్యి పెట్టేవారు. వేసవిలో బీడీల కోసం కోసిన తునికాకు కట్టలు కడుతుంటే ఆమె కూడా కూర్చుని కట్టేవారు. ఆమె కట్టిన కట్టలు ఎంత వంకరగా ఉండేవంటే, ఆడవాళ్ళు నవ్వుకుని, ఆమె వెళ్ళాక విప్పి మళ్ళీ కట్టుకునేవాళ్ళు. ఆమెకు ఆ సంగతి తెలుసు. "నన్ను చూసి నవ్వితే చాలమ్మా, తర్వాత మాట్లాడతారు" అనేవారు.

మా ఇంటికీ అట్లాగే వచ్చారు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా అమ్మకూ మా నాయనమ్మకూ మాటా మాటా పెరిగి, నాన్న తనవైపు ఒక్క మాట కూడా మాట్లాడలేదని అమ్మ పుట్టింటికి వెళ్ళిపోయింది. చిన్న తమ్ముణ్ణి చూడాలి, వంట చేయాలి. నేను బడి మానేశాను. నాన్న బడి మానొద్దనలేదు, మానమననూ లేదు. అసలు ఎవరితోనూ మాట్లాడటం మానేశాడు. ఒక ఆదివారం టీచరమ్మ వచ్చి, మా నాయనమ్మతో కలిసి ఇప్పపువ్వు ఏరి, ఎండబోసి వెళ్ళిపోయారు. నా చదువు మాట ఎత్తలేదు. ఇంకో ఆదివారం వచ్చి నన్ను పొయ్యి దగ్గర నుంచి లేపి తానే వండారు. నాన్నకు పెట్టబోతే తినలేదు. ఆమె కూడా తినలేదు. ఆ తర్వాత వచ్చినప్పుడు నాన్నతో, "నేను మీ అత్తగారి ఊరు వెళ్తున్నాను. దారి తెలియదు. చూపిస్తారా?" అని అడిగారు.

ఆమెకు దారి తెలుసు. ఆ ఊరి పిల్లలు మా బడిలోనే ఉన్నారు. నాన్నకు కూడా ఆమెకు దారి తెలుసని తెలుసు. అయినా కండువా భుజాన వేసుకుని లేచాడు. అడవిలో ఆయన ముందు, ఆమె వెనక నడిచారు. అక్కడికి వెళ్ళాక ఏం జరిగిందో మా అమ్మ ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది. అమ్మ మొహం తిప్పుకుని నిలబడితే, టీచరమ్మ గడపలో కూర్చుని, "ఈయన సరిగ్గా తిని చాలా రోజులైంది. ముందు అన్నం పెట్టు, తర్వాత తిట్టు" అన్నారట. అమ్మ అన్నం పెట్టింది. తర్వాత తిట్టింది కూడా, బాగానే. సాయంత్రానికి ముగ్గురూ కలిసి వచ్చారు. మర్నాడు నేను బడిలో ఉన్నాను. ఆ రోజు ఆమె ఆ అడవి దారిన నడవకపోతే ఇప్పుడు ఇది రాసే మనిషి లేదు.

కలపడమే తన పని అని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. దమ్మపేట వైపు ఒక ఇంట్లో భర్త రోజూ కొట్టేవాడు. ఆయన తరఫు పెద్దమనుషులు సర్దుకుపొమ్మని ఆ అమ్మాయికి చెబుతుంటే టీచరమ్మ లేచి నిలబడి, ఆ అమ్మాయి బట్టలు తానే మూట కట్టారు. అప్పుడు నేను పక్కనే ఉన్నాను. అప్పటికే నేను టీచర్ని, సెలవుల్లో ఆమె వెంట తిరిగేదాన్ని. బయటికి వచ్చాక, "భయం పెట్టుకుని తినే అన్నం ఒంటికి పట్టదమ్మా" అన్నారు. ఆ అమ్మాయి ఇప్పుడు వైరాలో కుట్టుమిషన్ పెట్టుకుని తన పిల్లలతో ఉంది. కబురు తెలిసి అందరికన్నా ముందు వచ్చింది ఆమే.

ఇన్ని ఇళ్ళు తిరిగిన మనిషికి తన ఇంట్లో ఎవరూ లేరు. ఆమెకు పెళ్ళయిందని, అది నిలవలేదని ఎవరో చెప్పగా మాకు తెలుసు. ఆమె నోట వినలేదు. ఒక్కసారి మాత్రం, నేను ఆమె ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడు, గిన్నెలో మిగిలిన అన్నం చూసి, "ఒక్కదానికి వండుకోవడం నాకింకా రాలేదే. ఎంత తగ్గించినా ఇద్దరికి అవుతుంది" అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆ రోజు వచ్చేటప్పుడు మిగిలిన అన్నం డబ్బాలో పెట్టించుకుని తెచ్చుకున్నాను.

ఉద్యోగం అయిపోయాక మధిర వెళ్ళిపోతారని అందరం అనుకున్నాం. వెళ్ళలేదు. టేకులపల్లిలో ఇల్లు కిరాయికి తీసుకుని, పెరట్లో పందిరి వేసి చిక్కుడు పెట్టారు. నాకు నవ్వొచ్చింది. పండుగయ్యేదాకా తినని మనిషి కళ్ళెదురుగా కాయలు పెంచుకోవడమేమిటని అడిగితే, "ఎదురుచూడటానికి ఏదో ఒకటి ఉండాలి కదమ్మా" అన్నారు. అప్పుడు నాకు ఒక పని అప్పజెప్పారు. మా గూడెంలో పండుగ కాగానే ఫోన్ చేసి చెప్పాలి. తీర్పు చెప్పింది మా ఊరు కాబట్టి మా ఊరి పండుగే ఆమెకు లెక్క. ఏటా చేశాను. "టీచరమ్మా, పండుగైంది. ఇగ తినుర్రి" అని నేననగానే, అటు నుంచి ఆమె కత్తిపీట జరుపుకుంటున్న చప్పుడు వినిపించేది. ఆ తర్వాత అమ్మ ఎలా ఉంది, పిల్లలు ఎలా ఉన్నారు అని ఎంతసేపైనా మాట్లాడేవారు.

ఈసారి మా ఊరి పెద్ద ఇంట్లో ఒక చావు జరిగి పండుగ వెనక్కి పోయింది. చనిపోవడానికి వారం ముందు ఆమే ఫోన్ చేశారు. గొంతు కొంచెం నీరసంగా ఉంది. జలుబన్నారు.

"అయిందా అమ్మా?"

"ఇంకా కాలే టీచరమ్మా. జర ఆలస్యమైతదట."

"సరేలే. కాయలు ముదిరిపోతున్నాయి, అంతే."

నేను ఆమెతో మాట్లాడిన ఆఖరి మాటలు ఇవి. ఇంతకన్నా మంచి మాటలు ఉంటే బాగుండేదని అనుకుంటాను. కానీ మా ఇద్దరి మధ్య ఎప్పుడూ ఇట్లాంటి మాటలే నడిచాయి.

నేను వెళ్ళేసరికి ఆమెను వరండాలో పడుకోబెట్టారు. మొహం మామూలుగానే ఉంది. పెరట్లో పందిరి కాయల బరువుకు ఒక పక్కకు ఒరిగింది. ఓనరమ్మ నా చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకెళ్ళి చూపించింది. "గిన్ని కాసినయి. కోసుకోర్రి మేడం అని ఎన్నిసార్లు చెప్పిన. ఇంకా ఫోన్ రాలే అనేది. కొడుకున్నడేమో, ఆ కొడుకు ఫోన్ కోసం సూస్తుందేమో అనుకున్న నేను." నాకు అప్పటిదాకా రాని ఏడుపు అక్కడ, ఆ పందిరి కింద వచ్చింది.

మధ్యాహ్నానికి మధిర నుంచి ఆమె అన్న కొడుకు వచ్చాడు. మంచివాడు. చేయాల్సినవన్నీ శ్రద్ధగా చేశాడు. వచ్చిన ఆడవాళ్ళను చూసి, మీరు అత్తయ్యకు ఏమవుతారని నన్ను అడిగాడు. ఆమె దగ్గర చదువుకున్నానని చెప్పాను. "అందరూ అదే చెబుతున్నారండి" అన్నాడు, ఎవరూ బంధువులు లేరని ఆశ్చర్యపోతూ. సాయంత్రానికి అంతా అయిపోయింది. ఇంట్లోంచి గుర్తుగా ఏమైనా తీసుకోమని అతను అంటే, పెరట్లో చిక్కుడుకాయలు కోసుకుంటానన్నాను. అతను ఇంకోసారి అడిగి, సరేనన్నాడు. అందరూ వెళ్ళాక ఓనరమ్మ పట్టిన సంచిలోకి కాయలన్నీ కోశాను.

ఆ తర్వాతి రోజులు ఎట్లా గడిచాయో చెప్పడం కష్టం. మాలాంటి పని చేసేవాళ్ళకు రోజంతా మనుషులే. పిల్లలు, వాళ్ళ తల్లులు, వాళ్ళ గొడవలు. సాయంత్రం గది తలుపు వేసుకున్నాక, ఇవాళ ఫలానా ఇంట్లో ఇట్లా జరిగింది, ఏం చేయమంటారు అని అడగడానికి నాకు ఒక్క మనిషి ఉండేది. ఆమె సలహా చెప్పేది తక్కువ. తిన్నావా అని అడిగి, రేపు మళ్ళీ వెళ్ళి కూర్చో అనేవారు, అంతే. ఇప్పుడు ఆ ఒక్క మాట అనేవాళ్ళు లేరు. ఫోన్ చేతిలోకి తీసుకుని, ఎవరికి చేయాలో తెలియక కింద పెట్టిన సాయంత్రాలు చాలా ఉన్నాయి. ఆమె ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో ఇట్లాగే కూర్చుని ఉంటారని ఇప్పుడు తెలుస్తోంది.

చివరికి మా గూడెంలో పండుగ వచ్చింది. టీచరమ్మ పందిరి కాయలు పట్టుకుని ఇంటికి వెళ్ళాను. సగం ఎండిపోయి గింజలు గలగలమంటున్నాయి. అమ్మ ఏమీ అడగకుండా వలిచి, మా ఇంటి కాయలతో కలిపి వండింది. ఊరి దేవతకు పెట్టి వచ్చాక, ఇంట్లో మూల అలికిన చోట పెద్దలకు ఆకులు వేయడం మొదలుపెట్టింది. తాతకు, నాయనమ్మకు, మూడేళ్ళ కింద పోయిన నాన్నకు. పేరు పేరునా పిలిచి పెట్టాలి. నాన్న ఆకు దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

"టీచరమ్మకెవలు పెడ్తరు?"

ఎవరూ పెట్టరని చెప్పాను. వాళ్ళ ఇళ్ళల్లో కొత్తల పండుగ లేదని, వాళ్ళు చేసేవి వేరేగా ఉంటాయని చెప్పాను. మా పద్ధతిలో ఎవరి పెద్దలకు వాళ్ళే పెట్టాలి. మాలో ప్రతి ఇంటికీ ఒక గట్టు ఉంటుంది. ఒకే గట్టువాళ్ళు అన్నదమ్ముల లెక్క, ఆ గట్టు పెద్దలకే ఆ ఇంట్లో ఆకు. టీచరమ్మకు ఏ గట్టూ లేదు. ఒకసారి ఊరివాళ్ళు వేళాకోళానికి నీది ఏ గట్టు అని అడిగితే, ఏదైనా ఒకటి ఇవ్వండి తీసుకుంటాను అన్నారామె. అందరూ నవ్వారుగానీ ఎవరూ ఇవ్వలేదు. అది ఇవ్వగలిగేది కాదు.

అమ్మ వద్దంటే వద్దనే, పెద్దలకు ఆకు వేయడం ఆమె చేతిలో ఉన్న పని. తర్వాత అమ్మ ఇంకొక ఆకు తీసి, తడి చేత్తో తుడిచి, నాన్న ఆకు పక్కన వేసింది.

"మీ నాయనకు తెల్సిన మనిషే గద. దారి సూపిస్తడు."

ఆకు మీద అన్నం పెట్టి, చిక్కుడు గింజల కూర వేసింది. పిలవడానికి పేరు కావాలి కాబట్టి నా వైపు చూసి ఆమె పేరేందని అడిగింది. ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకలేదు. నేను చెప్పాను. అమ్మ ఒకసారి లోపలే అనుకుని తల అడ్డంగా ఊపింది. ఆ పేరు పెట్టి పిలిస్తే ఎవరో పరాయి మనిషిని పిలిచినట్టుందన్నది. తర్వాత ఆకు వైపు కొంచెం వంగి, నేను ఏటా ఫోన్లో అన్న మాటే అన్నది.

"టీచరమ్మా, పండుగైంది. ఇగ తిను."

కూర వేడిగా ఉంది. ఆ ఆకు మీద నుంచి ఆవిరి లేస్తోంది. ఎప్పుడూ మా తర్వాతే తిన్న మనిషి. ఆ ఆవిరి ఆగేదాకా ఇంట్లో ఎవరమూ కంచం ముట్టలేదు.